పన్నెండో కుర్చీ

పవిత్ర గురువారం మధ్యాహ్నం, గుడిలో ఎవరూ లేని వేళ చూసుకుని, పీఠం ముందు వరసగా వేసి ఉన్న పన్నెండు కుర్చీల్లో చివరిదాన్ని మడిచి, సామాన్ల గదిలో పెట్టి గొళ్ళెం వేశాను. చప్పుడు కాకుండా వేశాను. అది తప్పని నాకు తెలుసనడానికి ఆ ఒక్క జాగ్రత్తే చాలు. తెలియక చేశాను, తొందరలో చేశాను అని చెప్పుకునే వీలు నాకు లేదు. తీరిగ్గా, బాగా తెలిసి, చొక్కాకి దుమ్ము అంటకుండా చూసుకుంటూ చేశాను. ఖాళీ కనబడకూడదని మిగిలిన పదకొండు కుర్చీలనూ కాస్త ఎడంగా జరిపి మరీ ఇంటికి వెళ్ళాను.

ఆ కుర్చీ తీస్తే ఎవరికి ఏం పోయిందో చెప్పాలంటే మా ఊరి కతోలికుల సంగతి కొంత చెప్పాలి. గొప్పగా చెప్పుకోదగ్గ సంగతి కాదు.

గురువారం సాయంత్రం పూజలో ఫాదరుగారు పన్నెండుమంది కాళ్ళు కడుగుతారు. చనిపోయే ముందు రాత్రి ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగాడు. అది గుర్తు చేసుకుని మనం అణకువ నేర్చుకోవాలని ఉద్దేశం. ఏ దేశంలోనైనా కతోలికుల గుళ్ళలో జరిగేదే. మా ఊళ్ళో మాత్రం కాళ్ళు కడిగించుకునే ఆ పన్నెండు స్థానాలూ పొలాల్లాగా తండ్రి నుంచి కొడుక్కి వస్తాయి.

ఎప్పుడో ఒక దొరస్వామి, అంటే యూరప్ నుంచి వచ్చిన గురువు, ఎవరు ఎక్కడ కూర్చోవాలో తికమక పడకుండా కుర్చీల వీపుల మీద శిష్యుల పేర్లు రాయించాడట. ఆయన తన దేశం వెళ్ళిపోయాడు. పేర్లు మిగిలాయి. మా పెద్దలు ఆ పేర్లను ఆస్తి కింద పంచుకున్నారు. ఎవరికి వారు టేకు కుర్చీలు చేయించి, వాటి మీద పేర్లు చెక్కించి గుడికి ఇచ్చామన్నారు. ఇచ్చినా తమ దగ్గరే ఉంచుకున్నట్టు లెక్క. పేతురు కుర్చీ మా పెదనాన్నగారి ఇంటిది. ఫిలిప్పు కుర్చీ మాది. మా తాత ఫిలిప్పు, మా నాన్న ఫిలిప్పు, నాన్న పోయినప్పటి నుంచి నేను ఫిలిప్పుని. ఇంతకీ సువిశేషంలో, అంటే ప్రభువు చరిత్రలో, ఫిలిప్పు ఏం చేశాడని అడిగితే మా ఇంట్లో చెప్పగలిగినవాళ్ళు లేరు. కుర్చీకి ఏటా వార్నీషు మాత్రం తప్పలేదు. మత్తయి కుర్చీ కోసం ఇద్దరు అన్నదమ్ములు ఏళ్ళ తరబడి మాటల్లేకుండా ఉన్నారు. ఇద్దరూ గుంటూరు మిర్చి యార్డులో కమీషను వ్యాపారులు. చివరికి పెద్దమనుషులు కూర్చుని, ఒక ఏడు ఒకరు, మరుసటి ఏడు ఇంకొకరు అణకువ నేర్చుకోవాలని తీర్పు చెప్పారు.

ఇలా పదకొండు కుర్చీలకి హక్కుదారులు కుదిరారు. పన్నెండోది ఎవరూ అడగలేదు. పన్నెండోవాడు యూదా, ప్రభువుని అమ్ముకున్నవాడు. ఆ చోట ఒక ఇనప మడత కుర్చీ వేసి, దాని మీద ఏ పేరూ రాయకుండా, అందులో దళితుల కాలనీ నుంచి ఒకణ్ణి కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. దీన్ని మేం మా ఔదార్యం అనుకున్నాం. చూశారా, వాళ్ళనీ కలుపుకుంటున్నాం అని బయటి నుంచి వచ్చిన ఫాదర్లకి చూపించుకున్నాం. ఆ కుర్చీ ఎవరిదో మాలో ఒక్కరూ పైకి అనలేదు. అనవలసిన అవసరమే రాలేదు.

కాలనీవాళ్ళూ కతోలికులే. మా పూర్వీకులు ఈ నల్లరేగడిని వెతుక్కుంటూ దక్షిణం నుంచి బండ్లు కట్టుకుని వచ్చేనాటికే జ్ఞానస్నానం పొంది ఉన్నారు. కాలనీవాళ్ళ పెద్దలు ఇక్కడే ఒక కరువు రోజుల్లో పొందారు. మేం నమ్మి చేరాం, వాళ్ళు గంజి కోసం చేరారు అని మావాళ్ళు ఇప్పటికీ అంటారు. మా ముత్తాతలు ఎందుకు చేరారో మాకెవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరికీ లేదు. రాతి గుడి కట్టినప్పుడు కొండ నుంచి రాయి మోసింది వాళ్ళు, కట్టాక ముందు వరసల్లో కూర్చుంది మేము. గుడి మధ్యలో మోకాలెత్తు గోడ ఉండేదట. ఒక బిషప్పుగారు చూసి మండిపడి కూల్చమంటే, మావాళ్ళు వినయంగా కూల్చి, ఆయన జీపు ఊరు దాటగానే అదే చోట కొబ్బరితాడు కట్టారు. తాడుని నేను చిన్నతనంలో చూశాను. ఇప్పుడు అదీ లేదు. ఎడమవైపు చాపల మీద వాళ్ళు, కుడివైపు బల్లల మీద మేము, ఎవరూ చెప్పకుండానే వచ్చి కూర్చుంటాం.

గుడి జూబిలీకి వేసిన పుస్తకంలో ఈ చరిత్ర రాసింది నేనే. డిగ్రీ చదివిన రైతునని నాకు అప్పగించారు. దొరస్వాముల గుర్రాల గురించి రెండు పేజీలు రాశాను. గోడ గురించి, తాడు గురించి రాయలేదు. 'అన్ని వర్గాల ప్రజల సహకారంతో' అని ఒక ముక్క రాశాను. రాయి మోసినవాళ్ళందరినీ ఆ ముక్కలో సర్దేశాను. చదివినవాళ్ళంతా బాగుందన్నారు. బాగుండక ఏమవుతుంది, అందులో మేమే ఉన్నాం.

ఇనప కుర్చీలో ముప్పై ఏళ్ళ పైచిలుకు ఒకే మనిషి కూర్చున్నాడు. మా పొలంలోనూ, పేతురు కుర్చీ ఇంటి పొలంలోనూ పాలేరుగా చేసినవాడు. ఉతికిన పంచె కట్టుకుని, అందరికన్నా ముందు వచ్చి గోడవారగా నిలబడి, మేం పదకొండుమందిమీ కూర్చున్నాక తను కూర్చునేవాడు. ఫాదరుగారు పాదం కడిగి ముద్దుపెట్టుకోవడానికి వంగితే కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. ఎంత భక్తో చూడు అనుకునేవాళ్ళం.

ఆయన కిందటి వానాకాలంలో చనిపోయాడు. ఒక్కతే కూతురు. ఆమె మిరప కోతలకి మేస్త్రి, అంటే కాలనీ ఆడవాళ్ళని ముఠాగా కట్టి పొలాలకి తీసుకెళ్ళి పని చేయిస్తుంది. కాయ పండాక మా ఊళ్ళో చెల్లేది ఆమె మాటే. ఆమె ముఠా రాకపోతే కాయ చెట్టు మీదే తాలుబారిపోతుంది. అందుకని ఎదురుగా అందరం మర్యాదగా ఉంటాం, ఆమె వెళ్ళాక నోటికొచ్చింది అంటాం.

ఈ తపస్సు కాలంలో, అంటే ఈస్టరుకి ముందు నలభై రోజుల్లో, ఆమె ఫాదరుగారి దగ్గరికి వెళ్ళి, తన తండ్రి చోటులో తను కూర్చుంటానని అడిగింది. ఆడవాళ్ళ కాళ్ళు కూడా కడగవచ్చని రోము నుంచి ఎప్పుడో అనుమతి వచ్చింది. మా ఊరిదాకా రావడానికి దానికి చాలా కాలం పట్టింది. ఫాదరుగారు కొత్తగా వచ్చిన కుర్రవాడు. సంతోషంగా ఒప్పుకుని, కుర్చీలు వేయించే బాధ్యత నాది కనుక నన్ను పిలిచి చెప్పారు. "చాలా మంచిదండి ఫాదర్" అన్నాను.

గురువారం పొద్దున పేతురు కుర్చీ ఆయన, మా పెదనాన్న కొడుకు, నాకు అన్నయ్య, తన కల్లంలో ఆరబోసిన కాయల పక్కన మంచం వేసుకుని కూర్చుని ఉన్నాడు. నేను అటుగా వెళ్తుంటే కేకేశాడు.

"ఒరేయ్, ఆ మేస్త్రమ్మ ఇయ్యాల మన పక్కన కూసుంటదంటగా?"

"ఫాదరుగారు ఒప్పుకున్నారన్నయ్యా."

"ఫాదరు కుర్రోడు. ఇయ్యాల ఉంటాడు, రేపు బదిలీ అయిపోతాడు. ఊళ్ళో ఉండేది మనం. ఒకసారి కూసున్నాక మళ్ళీ లేస్తదా ఆవిడ?"

"వాళ్ళ నాన్న కూర్చున్న కుర్చీయే కదా."

"వాళ్ళ నాన్న నోరు లేనోడు. ఈవిడికి నోరు తప్ప ఏముంది?" అని నవ్వాడు. "మొన్న నీ చేలో నీకే తలంటిందంట. ఊరంతా చెప్పుకుంటన్నారు."

నిజమే. మంచినీళ్ళ డ్రమ్ము ఎండలో పెట్టించానని ఆమె కోత కూలీలందరి ముందూ నన్ను నిలదీసింది. "మీ ఇంట్లో ఫ్రిజ్జు కూడా డాబా మీద ఎండలోనే పెట్టుకున్నారా అయ్యా?" అంది. ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. డ్రమ్ము నీడలోకి మార్పించాను గానీ ఆ నవ్వు నా చెవుల్లోంచి పోలేదు.

"మరేం చేద్దామంటావు?" అన్నాను.

"నన్నడుగుతావేందిరా? కుర్చీలు వేయించేది నువ్వు. ఒకటి తక్కువైతే ఎవడు చూడొచ్చాడు?"

తీసెయ్యమని ఆయన అనలేదు. ఆయన ఎప్పుడూ అనడు. ఊళ్ళో జరిగిన నీచపు పనులన్నీ ఆయన చెప్పకుండా మేం చేసినవే. నేను నడుస్తూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆమె ఆడదని కాదు, కాలనీ మనిషనీ కాదు, ఉన్న ఆచారం ఒక్కసారిగా చెడకూడదని మాత్రమే, అని. ఇందులో ఒక్క మాట కూడా నిజం కాదు. ఆమె ఆడది కావడమూ, కాలనీ మనిషి కావడమూ, అన్నిటికన్నా ఎక్కువగా ఆ రోజు నన్ను చూసి పదిమంది నవ్వడమూ, ఈ మూడూ కలిసే ఆ కుర్చీని మడిచాయి.

సాయంత్రం గుడి గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. 'పవిత్ర గురువారం శుభాకాంక్షలు' అని పైన, కింద పదకొండుమందిమి, చేతులు జోడించి, నల్లద్దాలతో ఇద్దరు. మురికి కాళ్ళు ఫాదరు చేతిలో పెట్టడం మాకు నామర్దా. అందుకని ఇంటి దగ్గరే సబ్బుతో రుద్ది, గోళ్ళు తీసుకుని, మడమల పగుళ్ళకి మందు రాసుకుని వస్తాం. మత్తయి కుర్చీ ఆయన అయితే గుంటూరులో పార్లరుకి వెళ్ళొచ్చానని మెట్ల మీద చెప్పుకుంటున్నాడు. కడగడానికి ఏమీ మిగల్చకుండా కడుక్కుని వచ్చి కూర్చున్న మా పాదాల మీద ఫాదరుగారు నీళ్ళు పోస్తారు. దాన్ని ఒక కుర్రాడు యూట్యూబులో చూపిస్తాడు.

ప్రసంగం అయ్యాక మేం వెళ్ళి మా కుర్చీల్లో కూర్చున్నాం. ఎడమవైపు చాపల మీది నుంచి ఆమె లేచి వచ్చింది. కొత్త మంగళగిరి చీర, తలనిండా ముసుగు. వరస చివరికి వచ్చి ఆగిపోయింది. చుట్టూ చూడలేదు, ఎవరినీ అడగలేదు. ఆగి నిలబడింది, అంతే.

ఫాదరుగారు పై అంగీ తీసి, నడుముకి తువ్వాలు చుట్టుకుని, పళ్ళెంతో వచ్చారు. ఆయన మెడ దగ్గర మైకు ఉండడంతో మాట గుడంతా వినబడింది.

"ఇంకో కుర్చీ ఏదండి?"

"తక్కువ పడిందండి ఫాదర్," అన్నాను.

గుడి వెనకాల ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి మనిషెత్తు పేర్చి ఉన్నాయి. ఫాదరుగారు వాటివైపు చూశారు. ఆయన ఒక్క కేక వేస్తే ఎవరో ఒకరు తెచ్చేవారు. అన్నయ్య తన గడియారం వైపు చూసుకున్నాడు. ఫాదరుగారు అన్నయ్యని చూశారు. కేక వేయలేదు.

"పర్లేదు ఫాదర్, నేను నిలబడతా," అంది ఆమె. మైకు లేకపోయినా అందరికీ వినబడింది.

పాట మొదలైంది. పేతురు నుంచి ఒక్కొక్క పాదమే కడుగుతూ వచ్చారు. నా వంతు వచ్చినప్పుడు నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. పదకొండో పాదం అయ్యాక ఆయన పళ్ళెంతో ఆమె ముందుకు వచ్చి నిలబడ్డారు. నిలబడ్డ మనిషి పాదాలు ఎలా కడగాలో ఆయనకి తోచలేదో, కడిగితే రేపు ఎవరితో మాట పడాలో తోచిందో తెలియదు. చివరికి మైకులో, "సమయాభావం వల్ల విశ్వాసుల ప్రార్థనకు వెళదాం" అన్నారు.

సమయాభావం. ఆ పూజ తర్వాత మేం గంటన్నర సేపు మెట్ల మీద కబుర్లు చెప్పుకున్నాం.

ఆ మాట విని నేను హమ్మయ్య అనుకున్నాను. దాచుకోవాలనిపిస్తున్నది గానీ, అనుకున్న మాట నిజం. ఆమె మరికాసేపు అక్కడే నిలబడి, తర్వాత మధ్య దారిలో నడిచి, తలుపు దాటి వెళ్ళిపోయింది. సత్ప్రసాదానికి ఉండలేదు. ఆమె వెంట చాపల మీది నుంచి ఇంకొందరు లేచి వెళ్ళారు. మా బల్లల మీద నుంచి ఎవరూ కదల్లేదు.

ఇంటికి నడుస్తుంటే నా భార్య అడిగింది.

"కుర్చీ ఎక్కడ పెట్టారు?"

"ఏ కుర్చీ?"

"నా దగ్గర కూడానా? మధ్యాహ్నమంతా గుడి తాళాలు మీ జేబులో గలగలమంటూనే ఉన్నాయి."

నేను జేబులో చెయ్యి పెట్టి తాళాలు గట్టిగా పట్టుకున్నాను.

"ఆడమనిషిని అట్టా నిలబెట్టి, మీరు కాళ్ళు చాపుకుని కూర్చున్నారే. నా వల్ల కాలేదు చూడ్డం. తల దించుకున్నా."

"మరి నువ్వు లేచి వెళ్ళలేకపోయావా?" అన్నాను, తప్పులో కాస్త వాటా దొరుకుతుందేమోనని.

"లేవలేకపోయా. మీతో ముప్పై ఏళ్ళు కాపురం చేశాగా, నాకూ అబ్బింది," అంది.

శుక్రవారం పొద్దున్నే పాపసంకీర్తనకి, అంటే చేసిన తప్పు గురువుకి చెప్పుకోవడానికి, వెళ్ళాను. జాలీ కిటికీ అవతల ఫాదరుగారు. కుర్చీ నేనే తీశానని చెప్పాను. "నాకూ తెలుసండి," అన్నారు ఆయన, చాలా చిన్న గొంతుతో. మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమన్నారు. మోకాళ్ళు నొప్పి పుట్టేలోగా అవి అయిపోయాయి. పాపంలో సగం వాటా ఉన్నవాడు రెండో సగంవాడిని క్షమించి పంపాడు. ఇద్దరం తేలికపడ్డాం. పాదం తడవని మనిషి మాత్రం కాలనీలో ఉంది. ఇంత చవగ్గా విడుదల చేసే మతం మాలాంటివాళ్ళకి ఎందుకు నచ్చుతుందో నాకు జపం ముగించి బల్ల మీద కూర్చున్నప్పుడు అర్థమైంది. మతాన్ని అనడం దేనికి, ఆ చవకతనం మాది.

కాలనీకి నడిచి వెళ్ళాను. కోతలప్పుడు మోటారు సైకిలు దిగకుండా వీధి మొదట్లో హారన్ కొట్టి కూలీలని పిలిచేవాణ్ణి. ఆమె ఇల్లు ఏదో నాకు తెలియదు. అడిగి తెలుసుకోవలసి వచ్చింది. ఆమె వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నది. నన్ను చూసి లేవలేదు.

"కుర్చీ తక్కువ పడలేదమ్మా. నేనే తీసి సామాన్ల గదిలో పెట్టాను. తప్పు చేశాను. క్షమించమని అడగడానికి వచ్చాను."

ఆమె చింతపండు పక్కకి జరిపింది.

"కాయ చెట్టు మీదుందనా వచ్చారు?"

"ఉంది," అన్నాను. దారిలో ఆ సంగతి నా మనసులోకి రాలేదంటే అబద్ధం. "కాయ కోసమే వచ్చానని అనుకోకుండా, ఈ కోతకి మా చేలోకి మీరెవరూ రావద్దు. నేనూ మా ఇంటావిడా కోసుకున్నంత కోసుకుంటాం. మిగిలింది పోతుంది."

"పోతే పోనీయండి. నాకేంది?" అని మళ్ళీ ఒక గింజ తీసింది. "మా నాన్న కూసున్న కుర్చీ ఎవరిదో మాకు తెలవదనుకున్నారా?"

నేను చింతగింజల కుప్ప వైపు చూశాను.

"ఆయనకి మొదటి ఏడే తెలిసింది. మీ నాన్నే నవ్వుకుంటా ఎవరితోనో అంటంటే విన్నాడంట. ఏటా గురువారం ఇంటికొచ్చి గోడకి తిరిగి పడుకునేవోడు. మా అమ్మ కంచం పెడితే ముట్టేవోడు కాదు. మర్నాడు శుక్రవారం ఎట్టాగూ ఉపాసమేగా అని సర్దుకునేది ఆవిడ."

"తెలిసి ఎందుకు వచ్చి కూర్చునేవాడు?"

"రాను అంటే పొద్దున మీ చేలోకి పనికి రానిస్తారా?"

ఆ సంగతి నాకు తట్టలేదు. అన్నేళ్ళు ఆయన మూసుకున్న కళ్ళని చూసి భక్తి అనుకున్నాను.

"మరి నువ్వెందుకు కూర్చోవాలనుకున్నావమ్మా?"

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని నన్ను సూటిగా చూసింది.

"చూద్దామని. ఆయన కళ్ళు మూసుకుని కూసున్న చోట ఒక్కసారి కళ్ళు తెరుచుకుని కూసుని, అక్కడి నుంచి మీ అందరి మొహాలూ చూద్దామని. వచ్చే ఏడు నేను ఉంటానో పోతానో. అదొక్కటే అడిగా దేవుణ్ణి. అది కూడా తీసి గదిలో పెట్టారు మీరు."

"నన్నేం చెయ్యమంటావు?"

"అదేందయ్యా, ఊరందరి ముందూ నన్ను నిలబెట్టి, మా వసారాలోకి వచ్చి చెప్తారా? ఇక్కడెవరున్నారు వినడానికి, ఈ చింతగింజలా?"

మళ్ళీ చింతపండు చేతిలోకి తీసుకుంది. నేను వచ్చేశాను.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి గుడి నిండిపోయింది. ఎడమవైపు చాపల మీద ఆమె కూడా ఉంది. ఆ రోజు పీఠం మీద గుడ్డ కూడా ఉండదు, గంటలు మోగవు. ప్రభువు శ్రమల చరిత్ర చదివేది ఏటా నేనే. చదువుతుంటే యూదా వచ్చాడు, ప్రభువుని పట్టించాడు, పేతురు ఎరగనన్నాడు. ఎన్నో ఏళ్ళుగా చదువుతున్న మాటలే. మంచి గొంతని మెచ్చుకుంటారు కనుక గొంతు మీద ధ్యాసతో చదివేవాణ్ణి. ఈసారి మాటల మీద ధ్యాస పోయి రెండుచోట్ల వరస తప్పాను. ప్రార్థనలు అయ్యాక సిలువని ముద్దు పెట్టుకోవడానికి ముందు నేను మళ్ళీ మైకు దగ్గరికి వెళ్ళాను. ఫాదరుగారు నావైపు చూశారు. ఆపలేదు. ఆ మాత్రానికి ఆయన మీద నాకు గౌరవం మిగిలింది.

"నిన్న సాయంత్రం కుర్చీ తక్కువ పడలేదు," అన్నాను. "మధ్యాహ్నం నేనే మడిచి సామాన్ల గదిలో దాచాను. మీ అందరి ముందూ ఫాదరుగారితో అబద్ధం చెప్పాను. ఈవిడ్ని కూర్చోనివ్వకూడదని చేశాను. నాకెవరూ చెప్పలేదు, నేనే చేశాను."

అక్కడితో ఆపితే సరిపోయేదేమో. చాలామంది తలలూపుతున్నారు. పశ్చాత్తాపపడే మనిషంటే మావాళ్ళకి ఇష్టమే, తమ సంగతి ఎత్తనంతసేపు.

"ఆ కుర్చీ మీద మనం పేరు రాయలేదు. కానీ అది యూదా కుర్చీ అని మనందరికీ తెలుసు. తెలిసే, ముప్పై ఏళ్ళ పైన ఒక మంచి మనిషిని అందులో కూర్చోబెట్టాం. రానంటే కూలి పోతుందని ఆయన వచ్చి కూర్చున్నాడు."

"ఒరేయ్, దిగరా కిందకి!" అన్నయ్య లేచాడు. "పెద్ద శుక్రవారం పూట గుళ్ళో ఏందిరా ఈ గోల?"

"యూదా అని ఎవరన్నారు? మేం అన్నామా?" అని మత్తయి కుర్చీ ఆయన.

"ఎవరూ అనలేదు," అన్నాను. "అనకుండానే కూర్చోబెట్టాం."

ఎవరో మైకు కట్టేశారు. కుడివైపు బల్లల నుంచి అరుపులు. ఎడమవైపు చాపల మీద చిన్న చప్పుడు కూడా లేదు. ఆ నిశ్శబ్దానికే నాకు ఎక్కువ భయమేసింది. వెళ్ళి సామాన్ల గది గొళ్ళెం తీసి, ఇనప కుర్చీ తెచ్చి, పీఠం మెట్ల ముందు, జనం వైపు తిప్పి వేశాను. దాని కీలు బిగుసుకుపోయి తెరుచుకోలేదు. మోకాలు ఆనించి లాగితే తెరుచుకుని నా వేలు నలిగింది. ఎవరో నవ్వారు.

"రామ్మా, కూర్చో," అన్నాను.

ఆమె చాలాసేపు లేవలేదు. రాకపోతే నేనేం చేయాలో అనుకోలేదు. నన్ను నమ్మడానికి ఆమెకి ఏ కారణమూ లేదు. నేను పిలిస్తే రావడమూ ఒక రకంగా నా మాట చెల్లడమే కదా అని కూడా తోచింది, అప్పుడు సిగ్గేసింది. ఆమె పక్కనున్న ముసలామె మోకాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చింది. అప్పుడు లేచింది. నిన్నటి కొత్త చీర కాదు, చేలోకి కట్టుకునే చీర. వచ్చి కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు మూసుకోలేదు.

బల్లల మొదటి వరస నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరినే చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందని అనుకున్నాను. నారులో కలుపు ఏరేటప్పుడు చూసినట్టు చూసింది. అన్నయ్య నిలబడే ఉన్నాడు. ఆమె కళ్ళు ఆయన దగ్గరికి వచ్చేసరికి అరుపు మధ్యలో ఆగి, జేబులో సెల్‌ఫోను కోసం వెతుక్కుంటూ కూర్చున్నాడు. తర్వాత మత్తయి. తర్వాత మా ఇంటావిడ. ఆమె మాత్రం తలెత్తి ఉంచుకుంది, కళ్ళనీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. కుర్చీలోని మనిషి చివరికి పక్కనే నిలబడి ఉన్న నావైపు తిరిగింది. అందరికన్నా నన్నే తక్కువసేపు చూసింది.

"ఇంక సిలువ ఎత్తండి ఫాదర్," అని లేచి, తన చాప మీదికి వెళ్ళి కూర్చుంది. తర్వాత పూజ మామూలుగానే సాగింది.

జనం వెళ్ళాక నేను ఫిలిప్పు కుర్చీని భుజాన వేసుకుని బయటికి తెచ్చాను. మెట్ల మీద అన్నయ్య, "ఇంట్లో వేసుకుని కూసో ఇంక జన్మంతా," అన్నాడు. ఆ మాట తప్ప ఇప్పటిదాకా నాతో మాట్లాడలేదు. కుర్చీ మా వరండాలో దించి, మళ్ళీ గుడికి వెళ్ళి, వచ్చే ఏటి నుంచి మా ఇంటి తరఫున ఆ వరసలో ఎవరూ ఉండరనీ, ఆ చోటు ఎవరికివ్వాలో కాలనీవాళ్ళనే వెళ్ళి అడగమనీ ఫాదరుగారికి చెప్పి, కుర్చీలు వేయించే పని వదులుకుని గుడి తాళాలు ఆయన చేతిలో పెట్టి వచ్చాను.